పదకొండు పార్సెళ్లు

ఆ వేసవి మా అక్కా నేనూ ఒకే సరుకు మోశాం. నేను ఊరి చివరి గోదాము నుంచి వ్యానులో తెచ్చేవాణ్ణి. అక్క మూడు చక్రాల బండి మీద ఇళ్లకు చేర్చేది. నా చేతిలోంచి ఆవిడ చేతిలోకి సరుకు మారే చోటు పాత బస్సుల షెడ్డు. నేను చెయ్యకూడని పని చేసింది అక్కడే.

ఇది జరిగి ఆరేళ్లయింది. మొదటినుంచి చివరిదాకా వరసగా ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పాను, ఎవరికి ఎంత చెప్పక తప్పదో అంత.

మా ఊరి లోపలి వీధులు పద్నాలుగూ మనుషులు కాలినడకన తిరిగే రోజుల్లో వేసినవి. ఇద్దరు గొడుగులు వేసుకుని ఎదురైతే ఒకరు గొడుగు వంచాల్సిందే. అలాంటి వీధుల్లోకి రోజూ తొమ్మిది కంపెనీల వ్యాన్లు దూరేవి. ఒకే మేడకి పొద్దున ఒకడు చెప్పుల జత తెస్తాడు, మధ్యాహ్నం ఇంకొకడు బల్బు తెస్తాడు, చెప్పులు సరిపోలేదని వెనక్కి పట్టుకెళ్లడానికి సాయంత్రం మూడోవాడు వస్తాడు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. బండి అడ్డంగా ఆపి, ఇంజను మాత్రం ఆపకుండా మెట్లెక్కేవాణ్ణి. ఆపితే లోపల పొయ్యిలా కాగిపోతుంది. వెనక హారన్లు మోగితే మోగనీ అనుకునేవాణ్ణి. మూడో వీధి బడిలో ఎండలు మండుతున్నా కిటికీలు మూసుకునే పాఠాలు చెప్పేవాళ్లు. అది మా పొగ వల్లేనని నాకు తెలియక కాదు. నా ఒక్క బండి ఆపితే పోతుందా అనుకునేవాణ్ణి. తొమ్మిదిమందిమీ అదే అనుకునేవాళ్లం.

ఎండలు ముదురుతుండగా మునిసిపాలిటీవాళ్లు వచ్చి, గాలిలో పొగెంతుందో కొలిచే డబ్బాలు స్తంభాలకి కట్టారు. తరవాత వారానికి కబురొచ్చింది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వ్యాన్లు లోపలికి రాకూడదు. అన్ని కంపెనీల సరుకూ వీధుల మొదట్లో ఉన్న బస్సుల షెడ్డులో దించాలి. అక్కణ్ణుంచి బ్యాటరీ తోడున్న మూడు చక్రాల బండ్లు ఇళ్లకు చేరుస్తాయి. ఆరు బండ్లు, ఆరుగురు మనుషులు, మూడు నెలల గడువు. కుదిరితే ఊరంతా పెడతారు. కుదరకపోతే ఎప్పటిలాగే.

ఆ ఆరుగురిలో ఒకరు మా అక్క. పని చేస్తున్న బట్టల ఫ్యాక్టరీ మూతబడ్డాక ఐదు నెలలుగా మా ఇంట్లోనే ఉంటోంది. ముందు గదిలో మంచం వేసుకుని, ఎవరికీ అడ్డం రాకూడదని పొద్దున్నే ఆ మంచం మడిచి గోడకి నిలబెట్టేసేది. ఉద్యోగం దొరికిందని చెప్పిన రోజు నేను నవ్వాను.

“నలభై నాలుగేళ్లొచ్చి ఇప్పుడు సైకిలు తొక్కుతావా అక్కా?”

“ఇరవై ఏళ్లు మిషను తొక్కాను కదరా. అదెంత తొక్కినా ఉన్నచోటే ఉండేది. ఇదైనా ముందుకు పోతుందేమో చూద్దాం,” అంది.

పోయింది. మొదటివారం మోకాళ్లకి నూనె రాసుకుంటూ మూలిగింది. రెండోవారం ఎండకి నల్లబడింది. మూడోవారానికి ఇంట్లో ఆవిడ మాటలే. భోజనాల దగ్గర కూర్చుంటే చాలు, ఆ వీధులన్నీ మా కంచాల చుట్టూ చేరేవి. ఐదో వీధి చెప్పులు కుట్టేవాడికి ఎడమ చెవి వినపడదట, కుడివైపు నుంచి పిలవాలట. ఆరో వీధిలో అత్తాకోడళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు చీరలు తెప్పించుకుంటారట, ఒకరి పార్సెలు ఇంకొకరి కంటపడకుండా చూసే పూచీ అక్కదట.

“ఎనిమిదో వీధిలో డ్రాయింగు మాస్టారున్నారు, రిటైరయ్యారు, మూడో అంతస్తు,” అని ఓ రోజు మొదలుపెట్టింది. “వాళ్లావిడకి నరాల జబ్బు, మెట్లు దిగలేదు. నేను కింద గంట కొట్టగానే కిటికీలోంచి తాడు కట్టిన సంచి దింపుతుంది. పార్సెలు వేస్తే లాక్కుంటుంది. ఇవాళ సంచి దిగితే అందులో ఏముందో చెప్పుకోండి. మంచినీళ్ల సీసా, నాకు!”

మా ఆవిడ నవ్వి నావైపు తిరిగింది. “మీరూ వెళ్లేవారుగా ఆ ఇంటికి? చూశారా ఆవిణ్ణి?”

వెళ్లేవాణ్ణి. నెలకోసారి చల్లగా ఉంచాల్సిన ఇంజెక్షను పెట్టె ఒకటి ఆ ఇంటికి చేర్చేవాణ్ణి. ఒక పెద్దాయన తలుపు తీసి సంతకం పెట్టేవారు. ఆయన డ్రాయింగు మాస్టారని గానీ, లోపల భార్య ఉందని గానీ అక్క చెప్పేదాకా నాకు తెలియదు. నాలుగేళ్లు తిరిగిన వీధుల్లో నాకు తెలిసినవల్లా తలుపుల నంబర్లు, కుక్కలున్న ఇళ్లు. మూడు వారాల్లో మా అక్క తను తిరిగే వీధులన్నిటికీ ఆడపడుచైపోయింది. ఆవిడ ఎంత సంతోషంగా చెబుతుంటే నాకంత ముద్ద దిగేది కాదు.

ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అనడానికి నాకు వేరే మాట సిద్ధంగా ఉంది: మా పొట్ట. గుమ్మం దాకా చేరిస్తేనే మాకు గిట్టేది. షెడ్డులో దించి వెనక్కి పోతే సగం కూడా రాదు. అది అబద్ధం కాదు. తొమ్మిదిమంది డ్రైవర్లకీ అదే బాధ.

మాలో పెద్దవాణ్ణి అందరం బాబాయ్ అనేవాళ్లం. జీవితమంతా స్టీరింగు పట్టుకున్న మనిషి. గోదాము ఎదుట టీకొట్టు దగ్గర ఓ పొద్దున్న మమ్మల్ని పోగేశాడు.

“షెడ్డు నిలబడితే మనం పడ్డట్టే,” అన్నాడు. “అలాగని ఎవర్నీ కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. ఒక్క రోజు, ఒక్కో బండిలో ఓ పది పార్సెళ్లు దిగకుండా ఉండిపోతే చాలు. షెడ్డువాళ్లు పోగొట్టారని ఇళ్లవాళ్లు గోల పెడతారు. సాయంత్రానికి మనమే ‘అయ్యో, మూల ఉండిపోయాయి’ అని ఇచ్చేద్దాం. ఎవరి సొమ్మూ పోదు. ఆ గోల మాత్రం కాగితాల్లోకి ఎక్కుతుంది.”

తరవాత నావైపు చూసి, “మీ అక్క ఉంది కాబట్టి నువ్వు తప్పుకుంటే తప్పుకోరా. మేమేం అనుకోం,” అన్నాడు.

అలా అన్నాడు గనకే తప్పుకోలేకపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఒక్క రాత్రయినా మా భోజనాల దగ్గర అక్క చెప్పుకోవడానికి ఏమీ లేకుండా కూర్చుంటే చూడాలనిపించింది.

సోమవారం నా బండిలో అక్క వీధులకి నలభై మూడు పార్సెళ్లున్నాయి. షెడ్డుకి రాకముందే పక్కకి ఆపి, చేతికందినవి పదకొండు తీసి స్పేరు టైరు వెనక పెట్టి, పైన గోనెపట్టా కప్పాను. ఏవి ఎవరివో చూడలేదు. చూస్తే చెయ్యి ఆడదని నాకు తెలుసు.

షెడ్డులో అక్క ఎదురొచ్చింది. తలకి తువ్వాలు చుట్టుకుని ఉంది. నేను దించుతుంటే ఆవిడ బండిలో సర్దుకుంటూ, పెద్దవి అడుగున, గాజువి పైన పెడుతోంది. సరుకు అందినట్టు నా ఫోను మీద ఆవిడ వేలితో గీత గియ్యాలి. మిగతా ఐదుగురూ తమ డ్రైవర్ల దగ్గర ఒక్కోటీ లెక్కపెట్టి మరీ గీసేవాళ్లు. అక్క నా దగ్గర ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

“ఎన్నిరా?”

“నలభై మూడు.”

“సరే,” అని గీసేసింది. “ఎండగా ఉంది, నీళ్లు తాగు,” అని తన సీసా నా చేతిలో పెట్టి, బండెక్కి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి ఫోను చేసింది. “ఒరే, పదకొండు తక్కువొస్తున్నాయి. నీ బండిలో ఉండిపోయాయేమో ఓసారి చూడు.”

నేను అప్పుడు గోదాములో నీడన కూర్చుని ఉన్నాను. బండి పది అడుగుల దూరంలో ఎండలో ఉంది. బాబాయ్ చెప్పినట్టు “అవునక్కా, మూలన ఉన్నాయి, తెస్తున్నా” అనాల్సిన సమయం అదే. అలా అంటే గొడవే లేదు. కానీ అక్క గొంతులో కంగారు లేదు. నేను చూస్తే దొరికేస్తాయన్న ధీమా ఉంది. ఆ ధీమా నాకు ఎక్కడో తగిలింది.

“చూశానక్కా. లేవు,” అన్నాను, కూర్చున్నచోటు నుంచి లేవకుండానే.

ఆ ఒక్క మాటతో దారి మూసుకుపోయింది. చూశాను, లేవు అన్నాక మళ్లీ ఉన్నాయని ఎలా చెప్పేది? తరవాత తెలిసింది, బాబాయ్ ఆ రోజు మూడే పార్సెళ్లు ఆపి రెండింటికల్లా తిరిగి ఇచ్చేశాడని. మిగతావాళ్లలో చాలామంది అసలు ఆపనే లేదు. అందరూ కలిసి బావిలో దూకుదామనుకున్నాం. దూకింది నేనొక్కణ్ణే. అదీ అక్క చెయ్యి పట్టుకుని.

సాయంత్రం బండి వెనక తలుపు తీసి పట్టా లాగాను. రోజంతా ఎండలో కాగిన రేకు లోంచి వేడి మొహానికి కొట్టింది. పదకొండింటిలో అడుగున ఉన్న తెల్ల పెట్టె చెమర్చి, దాని కింద అట్ట తడిసిపోయి ఉంది. లోపలి మంచు కరిగిపోయింది. పైన పేరు చూడనక్కర్లేకపోయింది. ఆ పెట్టె నాలుగేళ్లు నేను మోసిందే. ఒక్కసారి కన్నెత్తి చూసి ఉంటే పొద్దున్నే గుర్తుపట్టేవాణ్ణి.

మర్నాడు తెల్లవారగానే బండి దూరంగా ఆపి, నడిచి వెళ్లి పది పార్సెళ్లూ పది గుమ్మాల ముందు పెట్టి వచ్చాను. పదకొండోది బజారు వెనక చెత్తకుండీలో పడేశాను. తప్పు సరిదిద్దుతున్నానని నిజంగానే అనుకున్నాను. పదకొండింట్లో పది చేరిపోయాయి కదా, ఒక్కదానికి కంపెనీ మళ్లీ పంపుతుంది కదా అని.

ఆ సాయంత్రం షెడ్డు సూపర్‌వైజరు మా ఇంటికొచ్చింది. చిన్నపిల్ల, పాతికేళ్లుంటాయేమో. కుర్చీ అంచున కూర్చుంది. నేను అప్పుడే భోజనానికి కూర్చున్నాను. మా ఆవిడ వడ్డిస్తోంది.

“పదకొండులో పది పొద్దున్నే గుమ్మాల ముందు దొరికాయి,” అంది. “మాస్టారింటి మందు మాత్రం దొరకలేదు. అది ఖరీదైంది. తీసినవాళ్లకి భయం పట్టి మిగతావి పెట్టేసి, అదొక్కటి ఉంచేసుకున్నారని కంపెనీవాళ్లు అంటున్నారు. నేననడం లేదు.”

“మీరనకపోతే మా ఇంటిదాకా ఎందుకొచ్చారమ్మా?” అంది అక్క, మెల్లగానే.

ఆ అమ్మాయి తల దించుకుంది. అక్క లేచి తన సంచి తెచ్చి బల్ల మీద బోర్లించింది. సీసా, తువ్వాలు, మోకాలి నూనె, చక్రానికి గాలి కొట్టే గొట్టం, నాలుగు మడతలు పెట్టిన కాగితం. సూపర్‌వైజరు ఆ కాగితం విప్పింది. పెన్సిలుతో వేసిన బొమ్మ. తలకి తువ్వాలు చుట్టుకుని బండి తొక్కుతున్న మా అక్క. మాస్టారు మూడో అంతస్తు నుంచి చూసి వేసినట్టున్నారు. పైనుంచి చూసిన బొమ్మ అది. ఆ అమ్మాయి దాన్ని ఉన్న మడతల మీదే మడిచి పక్కన పెట్టింది.

“మీరు నలభై మూడుకి గీత గీశారు,” అంది. “లెక్కపెట్టే గీశారా?”

“లేదు. మా తమ్ముడే కదా దింపింది.” అక్క నావైపు తిరిగింది. “నువ్వు చెప్పరా. నువ్వు దింపినప్పుడు నలభై మూడూ ఉన్నాయా?”

నేను ‘చూసుకోలేదక్కా’ అన్నా సరిపోయేది. అది అబద్ధమే. అయినా ఆ అబద్ధంతో అక్క బయటపడేది, నేనూ బయటపడేవాణ్ణి. ఇద్దరినీ కాపాడే అబద్ధం నోటి చివర ఉండగా ఇంకోటి చెప్పాను.

“ఉన్నాయి,” అన్నాను. మంచినీళ్లు తాగాను.

అక్క బల్ల మీద వస్తువులు ఒక్కోటి తీసి సంచిలో పెట్టుకుంది. బొమ్మ కాగితం అన్నిటికన్నా చివర పెట్టింది. మర్నాటి నుంచి పనికి వెళ్లలేదు. వెళ్లొద్దన్నారు.

మా ఆవిడ చెడ్డ మనిషి కాదు. కానీ నా మాట నమ్మింది. మొగుడి మాట కాకపోతే ఎవరి మాట నమ్ముతుంది? ఆ వారంలోనే బీరువాకి తాళం వెయ్యడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆ బీరువాకి తాళం ఉందన్న సంగతి కూడా మేం మర్చిపోయాం. ముందు గదిలో మంచం మీద కూర్చున్న అక్కకి ఆ తాళంచెవి తిరిగే చప్పుడు వినపడేది. నాకూ వినపడేది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉన్నాను. నాలుగోరోజు అక్క మంచం మడిచి ఎప్పటిలా గోడకి నిలబెట్టి, సంచి భుజాన వేసుకుంది.

“ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేచోట పని దొరికింది. అక్కడే ఆడవాళ్లకి గదులున్నాయట,” అంది.

“ఇప్పుడెందుకు వదినా, ఇక్కడుంటే ఏం?” అంది మా ఆవిడ.

“ఏం లేదమ్మా. నడక కలిసొస్తుంది,” అంది అక్క.

మూడు నెలల గడువు రెండు నెలలకే ముగించారు. రిపోర్టులో డబ్బాల లెక్కలన్నీ బాగానే ఉన్నాయట, పొగ సగానికి తగ్గిందట, మూడో వీధి బడిలో కిటికీలు తెరిచారట. కానీ రోగికి చేరాల్సిన మందు పోయింది. ఆ ఒక్క సంగతే మిగతా కాగితాలన్నిటినీ మింగేసింది. తొలకరి పడేనాటికి వ్యాన్లు మళ్లీ లోపలికి దూరాయి. టీకొట్టు దగ్గర బాబాయ్ నా భుజం తట్టాడు. ఆ తట్టిన చోటు ఇప్పటికీ నాకు గుర్తే.

మొదటిరోజు చినుకుల్లో ఎనిమిదో వీధిలో ఇరుక్కుపోయాను. ముందు రెండు వ్యాన్లు, వెనక మూడు, ఎవరూ ఇంజను ఆపలేదు. ఐదో వీధి చెప్పులు కుట్టేవాడు అటుగా పోతూ నా కిటికీ మీద కొట్టాడు.

“ఆ బండి తొక్కే ఆవిడ మీ అక్కటగా? ఏదో తీసిందంటున్నారు. నేనైతే నమ్మను,” అన్నాడు. నేనేదో గొణిగితే, కుడిచెవి ఇటు తిప్పి “ఏంటీ?” అన్నాడు. మళ్లీ చెప్పలేకపోయాను.

అంతలో మాస్టారు గొడుగుతో మేడ దిగి నా దగ్గరికే వచ్చారు. ఆయన పేరున ఏదో పార్సెలు ఉంది, మెట్లెక్కే శ్రమ నాకెందుకని తనే దిగారు. సంతకం పెడుతూ, “మీ అక్క ఎక్కడుందయ్యా ఇప్పుడు?” అని అడిగారు.

“వేరే పనిలో ఉందండీ.”

“ఇదంతా నా వల్లే వచ్చింది,” అన్నారు. “మందు రాలేదని కంగారులో గట్టిగా ఫిర్యాదు చేశాను. మళ్లీ మందొచ్చేసరికి ఐదు రోజులు పట్టింది. ఈలోగా మా ఆవిడకి జబ్బు తిరగబెట్టి ఆసుపత్రిలో పెట్టాం. ఇప్పుడు ఇంటికొచ్చింది గానీ కుడిచెయ్యి సరిగ్గా ఆడటంలేదు. అయినా సరే, అంత గట్టిగా అరవకుండా ఉండాల్సింది. పాపం ఆ అమ్మాయి ఉద్యోగం పోగొట్టాను. మీ అక్కతో చెప్పు, నేను సిగ్గుపడుతున్నానని.”

నేను పడాల్సిన సిగ్గు ఆయన పడుతున్నారు. నా ముందు నిలబడి, నా బండి పొగలో దగ్గుతూ. ఇంజను ఆపేశాను. ఆ వీధిలో నేను ఇంజను ఆపడం అదే మొదటిసారి. వెనకవాళ్లు హారన్లు కొడుతూనే ఉన్నారు.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి వెళ్లాను. వెనకవైపు పెద్ద హాలు, ఆవిరి, మిషన్ల హోరు. అక్క ఆరిన దుప్పట్ల గుట్ట ముందుంది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది గానీ చేతులు ఆపలేదు.

“ఏంట్రా, ఇలా వచ్చావు? అందరూ బాగున్నారా? ఇదిగో, ఊరికే నిలబడకు, ఆ కొసలు పట్టుకో.”

దుప్పటి చెరోవైపు పట్టుకుని మడత పెడుతూ చెప్పాను. స్పేరు టైరు, పట్టా, ఫోను, పది గుమ్మాలు, చెత్తకుండీ. మడత పడినప్పుడల్లా ఇద్దరం దగ్గరికొచ్చేవాళ్లం, నా కొసలు ఆవిడ చేతిలో పెట్టి మళ్లీ దూరం జరిగేవాళ్లం. నాలుగు దుప్పట్లయ్యాయి.

“అంచు వదిలేశావు, సరిగ్గా పట్టుకో,” అంది. ఐదోది కూడా మడిచాం. అప్పుడు గుట్టకి ఆనుకుని నిలబడింది.

“లెక్కపెట్టకుండా గీశాను కదా, అదే నా తప్పనుకున్నాను,” అంది. “బండి పెట్టెకి తాళం సరిగ్గా వెయ్యలేదేమో, ఏ మలుపులో పడిపోయాయో అని. రోజూ ఈ దుప్పట్లు మడుస్తూ ఆ దారంతా మనసులో నడుస్తున్నానురా. ఐదో వీధి నుంచి ఎనిమిది దాకా. ఎక్కడా దొరకడంలేదు.”

నేను కాళ్ల మీద పడబోయాను. “లే. తడిగా ఉంది నేల,” అంది. మొహం పక్కకి తిప్పుకుంది. “మాస్టారికి చెప్పావా?” అని అడిగింది.

“లేదు.”

“ఆదివారం నాకు సెలవు. నేనూ వస్తాను. కానీ చెప్పాల్సింది నువ్వు. నేను నోరు విప్పను.”

శనివారం సూపర్‌వైజరుకి పార్సెళ్ల సంగతి రాసి సంతకం పెట్టి ఇచ్చాను. కంపెనీ నన్ను ఆ వారమే తీసేసింది, ఆ తరవాత బాబాయ్ ఎదురైతే రోడ్డు దాటి వెళ్లిపోయేవాడు. మరుసటేడు షెడ్డు మళ్లీ తెరిచారు, ఈసారి గడువు పెట్టకుండా. అక్కని పిలిచి ఇచ్చారు పని. ఇప్పుడు ఇరవై బండ్లు ఆవిడే చూసుకుంటోంది. మా ఇంటికి వస్తుంది, కాఫీ తాగుతుంది, వెళ్లిపోతుంది. ఉండమంటే ఉండదు. సంగతి తెలిసిన రోజున మా ఆవిడ పొద్దుగూకేదాకా నాతో మాట్లాడలేదు. తరవాత బీరువా తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. “ఇది మీ దగ్గరే ఉంచుకోండి. మా వదిన్ని దొంగని చేశాను నేను,” అంది.

ఇవన్నీ తరవాతి సంగతులు. ఆ ఆదివారం గురించి చెప్పాలి.

మూడంతస్తులూ అక్క ముందు ఎక్కింది, నేను వెనక. గంట తనే కొట్టి, ఒక మెట్టు కిందకి దిగి గోడవారగా నిలబడింది. మాస్టారు తలుపు తీశారు. నన్ను కాదు, నా వెనక అక్కని చూశారు. మొహం విప్పారింది.

“రా తల్లీ, రా! నువ్వొస్తావని అనుకోలేదు. లోపలికి రండి ఇద్దరూ.”

“మా తమ్ముడు మీతో ఒక మాట చెప్పాలన్నాడు మాస్టారూ,” అంది అక్క. చెప్పినట్టే ఆ తరవాత నోరు విప్పలేదు.

దారంతా మాటలు కూర్చుకుని వచ్చాను. పొట్టకూటి సంగతి, బాబాయ్ మాట, ఎవరికీ హాని జరగదనుకున్న సంగతి. గుమ్మం ముందు అవేవీ రాలేదు. “మీ మందు మా అక్క తియ్యలేదండీ. నేనే దాచాను. ఎండకి పాడైపోతే పారేశాను. మా అక్కని అడిగినప్పుడు అబద్ధం చెప్పాను,” అన్నాను. నాలుగు ముక్కల్లో అయిపోయింది. నాలుగు ముక్కల్లో అయిపోయేదాన్ని నెలకు పైగా మోశాను.

మాస్టారు కదల్లేదు. చెయ్యి తలుపు గడియ మీద అలాగే ఉంది. వేళ్లకి పెన్సిలు మసి అంటి ఉంది. నన్ను తిడతారని ఎదురుచూశాను. కొడితే కొట్టించుకుందామని చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన నన్ను దాటి అక్కవైపు చూసి, రెండు చేతులూ జోడించారు. అక్క వద్దన్నట్టు తల ఊపింది. ఆవిడ కళ్లలో నీళ్లు నేను చూసింది అప్పుడొక్కసారే.

లోపలి గదిలోంచి ఆడగొంతు వినపడింది. నాలుగేళ్లు ఆ గుమ్మం ముందు నిలబడినా నేను వినని గొంతు. మాట కాస్త ముద్దగా, తడబడుతూ వచ్చింది.

“ఎవరండీ వచ్చింది?”

మాస్టారు నా మొహంలోకి చూస్తూనే ఉన్నారు.

“ఎవరూ కాదులే,” అన్నారు లోపలికి వినపడేలా. “ఇల్లు తప్పొచ్చారట.”

తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా వేశారు. విసురుగా వేసి ఉంటే బాగుండేది.